పిట్టలు ఎక్కడ దొరుకుతాయి

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నాకు పక్షుల మీద ఇష్టం పక్షుల వల్ల కలగలేదు. పక్షుల్ని చూడటానికి వెళ్లేవాళ్లు దారిలో మాట్లాడుకోకూడదని ఎక్కడో చదివాను. ఓహో, లోకంలో నాకోసం కూడా ఒక షికారు ఉందన్నమాట అనుకున్నాను. అంతే. పెళ్లికి వెళితే మాట్లాడాలి. సినిమాకి వెళితే విరామంలో మాట్లాడాలి. గుడికి వెళితే ప్రసాదం దగ్గర ఎవరో తెలిసినావిడ కనబడి, ఏం చదివావు, ఏం చేస్తున్నావు అని మొదలుపెడుతుంది. పిట్టల దగ్గర మాత్రం నోరు మూసుకున్నవాళ్లే మర్యాదస్థులు. పైగా బైనాక్యులర్స్ కళ్లకు ఆనించుకుంటే ఎవరి ముఖంలోకీ చూడక్కర్లేదు. మొదటి ఏడాది నేను చూసింది పిట్టల్ని కాదు, ప్రశాంతతని. పిట్టలు కూడా బాగానే ఉంటాయని తర్వాత్తర్వాత తెలిసింది.

అలాంటి నేను రాజ్యం అత్తను వెంటబెట్టుకుని ఇబ్రహీంపట్నం వెళ్లాను. పక్షుల కోసం ఎలాంటి షికారు ఎంచుకోవాలో తెలియనివాళ్లకు ఆ ఒక్క రోజు ప్రయాణం పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

బయలుదేరక ముందు

రాజ్యం అత్త మా నాన్నకు అక్క. కైకలూరు దగ్గర పల్లెటూరు. కొల్లేటి గాలి పీల్చి పెరిగిన మనిషి. ఆ గాలంతా మాటలై తిరిగి బయటికి వస్తూ ఉంటుంది. ఆ చలికాలం మా ఇంట్లో ఉండి రెండు కళ్లకూ శుక్లాలు తీయించుకుంది. కొన్నాళ్లకు డాక్టరు ఇక ఎక్కడికైనా తిరగొచ్చన్నాడు గానీ, ఎండలో నల్ల కళ్లద్దాలు మానొద్దన్నాడు. అత్తకు ఆ అద్దాలు ఎంత నచ్చాయంటే, ఇంట్లో టీవీ సీరియల్ కూడా వాటితోనే చూసేది.

అవి నగరం శివారున మావైపు అందరి నోటా ఒకటే మాట ఆడుతున్న రోజులు. విమానాశ్రయం వస్తోంది, రింగు రోడ్డు వస్తోంది. తుక్కుగూడ వైపు, మహేశ్వరం వైపు నిన్నటిదాకా జొన్నచేలుగా ఉన్నవి తెల్లారేసరికి రంగు జెండాలు పాతిన ప్లాట్లయ్యేవి. పాలప్యాకెట్టు కోసం వెళ్లినా చేతిలో ఎవరో ఒక లేఅవుట్ కాగితం పెట్టేవారు. అత్త అప్పటికే తన చేపల చెరువు అమ్మేసింది. ఆ డబ్బుతో ఇబ్రహీంపట్నం దగ్గర ప్లాటు కొనుక్కుంటే అక్కా తమ్ముడూ ఒక దగ్గర ఉండొచ్చని నాన్న ఆశ. ఆయన స్నేహితుడెవరో ఒక వెంచరు గురించి చెప్పాడు. నీళ్ల పక్కనే ఉంటుందట. ఆదివారం ఉచితంగా బస్సు, ఉచితంగా భోజనం, పైగా 'పక్షుల సందర్శన'. అక్కడికక్కడే అడ్వాన్సు కడితే ధర తగ్గిస్తారట. తీరా ఆ ఆదివారమే నాన్నకు డ్యూటీ పడింది.

"అత్తకు తోడు వెళ్లు. ఎలాగూ పిట్టలు పిట్టలంటావుగా," అన్నాడు నాన్న. "అడ్వాన్సు దగ్గర మాత్రం నువ్వేం మాట్లాడకు. పెద్దది, తను చూసుకుంటుంది."

నాకు ఆ జాగ్రత్త చెప్పడం చేపకు చెట్టెక్కొద్దని చెప్పడమే.

వెంచరు బస్సు మన్నెగూడ చౌరస్తాలో పదకొండింటికి. అదే రోజు తెల్లవారగానే ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్ట మీదికి పక్షులు చూసేవాళ్ల బృందం ఒకటి వస్తోందని నాకు తెలుసు. ముందు అక్కడికి వెళదామని అమ్మతో చెప్పించాను. అత్త వెంటనే ఒప్పుకుంది.

"ఈ కొత్త కళ్లతో ఇప్పటిదాకా టీవీ తప్ప ఏం చూశానే. గూడబాతును చూపించు చాలు," అంది.

గూడబాతు అంటే ముక్కు కింద సంచి వేలాడే పెద్ద పక్షి. అత్త పుట్టిన ఊళ్లో అవి చెట్ల మీద గూళ్లు కట్టుకునేవట. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలని ఊరంతా అనుకునేవారట. ఆ రోజుల్లో అక్కడ ఎవరూ టపాకాయ కాల్చరు, చెట్టు మీదికి రాయి విసరరు. పెళ్లి పందిరి మీద రెట్ట వేసినా, ఆడబిడ్డ అక్షింతలు వేసిందనుకుని తుడిచేస్తారట.

కట్ట మీద

మొదటి బస్సులో దిగి, చలిలో కట్ట ఎక్కాం. ఆ ఏడు పెద్ద చెరువు నిండలేదు. నడుమ మాత్రం నీళ్లు, చుట్టూ తుంగ, తుంగలో మేస్తున్న బర్రెలు. బృందంలో అందరూ మట్టిరంగు బట్టల్లో ఉన్నారు. నాయకుడు టోపీ పెట్టుకున్న పెద్దమనిషి. ఆయన అత్త చీర వంక చూశాడు. అది మామిడిపండు రంగు చీర, ఎర్ర అంచు.

"మేడమ్, కొంచెం డల్ కలర్స్ వేసుకోవాలి. బర్డ్స్ డిస్టర్బ్ అవుతాయి," అన్నాడు గొంతు తగ్గించి.

"నా చీర చూసి పిట్టలు జడుసుకుంటాయా? మా ఊళ్లో పెళ్లికూతురు నెత్తి మీదే వాలతాయండీ," అంది అత్త గొంతు తగ్గించకుండా.

ఆయన వేలు పెదవుల మీద పెట్టాడు. అత్త అది దోమ అనుకుంది.

కాసేపు బాగానే నడిచాం. నీళ్లలో నల్లటి కోళ్లలాంటివి ఈదుతున్నాయి. అవేంటని అత్త అడిగింది. పక్కనున్న కుర్రాడు ఏదో ఇంగ్లీషు పేరు చెప్పి, దాని వెనక ఇంకా పొడుగు పేరు ఒకటి చెప్పాడు. అత్త నా వైపు తిరిగింది. "నామాలకోడి," అన్నాను చెవిలో.

"నామాలకోడా. ఆ ముక్క చెప్పడానికి అంత దూరం తిరిగి రావాలా," అంది అత్త. నామాలకోళ్లు తుంగలోకి వెళ్లిపోయాయి.

పెద్దమనిషి "ష్" అన్నాడు. కొంతసేపయ్యాక మళ్లీ అన్నాడు. వాళ్లందరి చేతుల్లోనూ కాగితాలున్నాయి. ఒక పిట్ట ఎగరగానే అందరూ తలలు వంచి పేరు రాసుకునేవారు. తలలెత్తేసరికి పిట్ట ఉండేది కాదు. గూడబాతు కనబడుతుందా అని అత్త అడిగితే, ఈ సీజన్‌లో ఇక్కడ ఇంకా రిపోర్టు కాలేదని జవాబు.

మూడోసారి "ష్" వినబడగానే అత్త ఆగిపోయింది. నల్ల కళ్లద్దాలు సర్దుకుంది.

"పదవే అమ్మడూ. నాకిది షికారో సంతాప సభో తెలియట్లేదు."

నేను పెద్దమనిషికి చేతులతోనే క్షమాపణ చెప్పాను. ఆయన నన్ను పక్కకు పిలిచి, "మీరు మాత్రం మళ్లీ రండమ్మా. మీరు చాలా మంచి బర్డర్. అసలు ఉన్నట్టే తెలియదు," అన్నాడు. నా జీవితంలో నాకు దక్కిన మెప్పుల్లో అది పెద్దది. కట్ట దిగుతూ దాన్ని రెండుసార్లు మనసులో చదువుకున్నాను. రెండోసారి చదివినప్పుడు ఎందుకో అంత బాగా లేదు.

ఇలాంటి షికారుకు వెళ్లాలనుకునేవాళ్లకు ఒకటే మాట. పిట్టల పేర్లు కావాలంటే వెళ్లండి. అత్తల్ని తీసుకెళ్లకండి.

శేరిగూడ దారిలో

మన్నెగూడ వెళ్లడానికి ఇంకా బోలెడు సమయం ఉంది. గూడబాతు కనబడలేదన్న లోటు అత్తకు తీరలేదు. ఇబ్రహీంపట్నం చౌరస్తాలో ఆటో అతన్ని ఆపి అడిగేసింది.

"బాబూ, ఈ చుట్టుపక్కల పిట్టలు ఎక్కడ దొరుకుతాయి?"

అతను ఎండ వంక చూశాడు. "గింత పొద్దుగాలనా?"

"పొద్దున్నేగా మంచిది."

"అవ్, గదీ నిజమే. తాజాగుంటయి. కూసోండ్రి."

ఆటో కదిలాక అత్త ముందుకు వంగింది. "మాకు పెద్దవి కావాలయ్యా."

"పెద్దయి యాడ దొరుకుతయమ్మా. అవి గింతె ఉంటయి, పిడికెడు. పెద్దది గావాల్నంటే నాటుకోడి తీస్కోండ్రి."

నాటుకోడి అన్న మాట దగ్గరే నాకు సంగతి అర్థమైంది. చెప్పాలనుకున్నాను. నా మాట గొంతులో బయలుదేరి నోటి దాకా రావడానికి మామూలుగా కొంత సమయం పడుతుంది. అది వచ్చేలోపు ఆటో ఒక దాబా ముందు ఆగింది. గోడ మీద రంగుల్లో బొద్దుగా ఉన్న పిట్టలు, వాటి కింద 'కంజు పిట్టల ఫ్రై' అని అక్షరాలు.

అత్త కళ్లద్దాలు తీసి ఆ అక్షరాలు చదివింది. దాబా ఆయన భుజం మీద తువ్వాలతో వచ్చాడు. "ఎన్ని ప్లేట్లు అక్కా?"

"తినడానికి కాదండీ. చూడ్డానికి."

"చూసినంకనే తింటరు గద అక్కా. చూడకుంట ఎవలు తింటరు."

ఆటో అతను తల గోక్కున్నాడు. "తప్పు నాది గాదమ్మా. నువ్వు దొరుకుతయా అన్నవ్. దొరుకుడంటె పట్టుకునుడు, వండుకునుడు. కనవడతయా అని అడగాలె."

అత్త కొంచెం ఆలోచించి, అతనిదే న్యాయమని ఒప్పుకుంది. మా ముగ్గురికీ నవ్వొచ్చింది. పిట్టలు పొయ్యి మీదికి రావడానికి ఇంకా వేళ కాలేదట. ఉన్నవి తినమని దాబా ఆయన ఉడికించిన బొబ్బర్లు, పైన పచ్చి ఉల్లిపాయ చల్లి, నిమ్మరసం పిండి తెచ్చిపెట్టాడు. "గుడాలు" అన్నాడు. "మా వైపు గుగ్గిళ్లు," అంది అత్త. పేరు మారినా అరగడానికి పట్టే సమయం ఒకటేనని తర్వాత తేలింది. టీ రెండు రూపాయలు. అందులో వేసిన చక్కెర మాత్రం ఖరీదైన హోటలుకు సరిపోయేంత. ఆటో అతను మాతోనే తిన్నాడు. అత్త అతని పిల్లల చదువులు, భార్య పుట్టినూరు, ఆటో మీద కట్టాల్సిన కిస్తీ అన్నీ కనుక్కుంది. నేను కట్ట మీద ఇన్నిసార్లు నిలబడ్డాను గానీ, నా పక్కన నిలబడ్డవాళ్లలో ఒక్కరి పిల్లల పేర్లు కూడా నాకు తెలియవు.

ఏ షికారుకు వెళ్లాలో ఎంచుకునే ముందు క్రియ ఎంచుకోవాలని ఆ ఉదయం నేర్చుకున్నాను. చూసే పిట్టలకు ఒక దారి, తినే పిట్టలకు ఒక దారి. మూడో దారి ఇంకా ముందుంది.

మన్నెగూడ

చౌరస్తాలో వెంచరు బస్సు పూలదండ వేసుకుని సిద్ధంగా ఉంది. తలుపు దగ్గర మల్లేశ్ అనే మనిషి నిలబడి అందరినీ ఎక్కిస్తున్నాడు. ఇబ్రహీంపట్నం పక్క ఊరే అతనిది. అత్త నల్ల కళ్లద్దాలు, ఆ చీర, చేతికి గాజులు చూసి అతను డ్రైవరుతో మెల్లగా, "ఆంధ్ర పార్టీ. పెద్దదే ఉన్నట్టుంది. ముంగట సీటియ్యి," అన్నాడు. మాకు ముందు సీటిచ్చారు. కూల్‌డ్రింకు ఒకటికి రెండుసార్లు ఇచ్చారు. దాబాలో గుడాలు తినకపోయి ఉంటే ఇంకో రెండు తాగి ఉండేదాన్నని అత్త విచారించింది.

బస్సు నిండా కుటుంబాలే. కొత్త చొక్కాలు, చంకలో పిల్లలు. మా వెనక కూర్చున్న ఆవిడ ఒక గజం ఎంతని అడిగితే, ఆమె భర్త "పోయినంక చెప్తరు, జర ఊకో," అన్నాడు. టై కట్టుకున్న మేనేజరు మైకు పట్టుకున్నాడు. మాట తీరు విజయవాడ వైపుది.

"ఉదయం లేవగానే పక్షుల కిలకిలలండి. కిటికీ తీస్తే నీళ్లండి. మీకోసం ఈరోజు పక్షుల గురించి వివరంగా చెప్పే నిపుణుణ్ని కూడా పిలిపించామండి."

అత్త నా మోచేతిని పొడిచింది. "చూశావా. మీ టోపీ ఆయన కన్నా వీళ్లే నయం."

షామియానా కింద

బస్సు ఇబ్రహీంపట్నం దాటి మట్టిదారి పట్టింది. ఒక చిన్న కుంట పక్కన ఆగింది. పెద్ద చెరువు నిండకపోయినా, చివరి వానలకు ఈ కుంట మాత్రం బాగా పొంగినట్టుంది. గట్టు మీద షామియానా, జెండాలు, వరసలు వరసలుగా పసుపు రంగు పూసిన హద్దురాళ్లు. అత్త దిగి గాలి పీల్చింది. ఆ గాలిలో నాచు వాసన, బురద వాసన. ఆమె ముఖం మెత్తబడటం చూశాను.

"మా ఊరి వాసనే," అంది. అప్పుడే నాకు భయం వేసింది. అత్త ప్లాటు చూడకముందే కొనేసినట్టుంది.

మేనేజరు మైకులో నిపుణుణ్ని పిలిచాడు. షామియానా వెనక నుంచి ఈల వినబడింది. ఖాకీ నిక్కరు, చిరిగిన ఖాకీ కోటు, ఈకలు గుచ్చిన టోపీ, చేతిలో చెక్క తుపాకి. పిట్టల దొర. తెలంగాణ పల్లెల్లో ఇంటింటికీ తిరిగి కోతలు కోసి నవ్వించి, బియ్యమో రూపాయో తీసుకునే కళాకారుడు. కోతలు కోయడమే అతని వృత్తి. వేట గురించి, ఆస్తి గురించి అతను చెప్పే ఏ మాటా నమ్మకూడదన్నది వినేవాళ్లకూ అతనికీ మధ్య ఒప్పందం.

మేనేజరు మైకు మూసి మల్లేశ్ వైపు తిరిగాడు. మేము ముందు వరసలో ఉన్నాం కాబట్టి అంతా వినబడింది.

"ఎవర్నయ్యా తెచ్చావు?"

"మీరే అంటిరి గద సార్. పిట్టల గురించి చెప్పెటోన్ని తెమ్మని. ఈయన పిట్టల దొర. గింతకంటె ఎక్కువ తెలిసినోడు ఈ తాలూకల లేడు."

"నేనన్నది బర్డ్స్..."

"బర్డ్స్ అంటె పిట్టలే గద సార్."

అప్పటికే జనం చప్పట్లు కొడుతున్నారు. ఇక ఆపలేరు. దొర తుపాకి భుజాన వేసుకుని నిలబడ్డాడు.

"నిలువుండ్రి. ఎవలనుకున్నరు నన్ను? మా అయ్య పుట్టకముందే పెండ్లి చేసుకున్నోన్ని. ఈ తుపాకి ఇయాల పేలిస్తె మొన్న తగులుతది. నిన్న ఒక్క గుండుకు ఏడు పిట్టలు పడ్డయి. ఆరు పారిపోయినయి, ఒకటి నన్ను పట్టుకొచ్చి ఈడ నిలవెట్టింది."

పిల్లలు పడీపడీ నవ్వారు. అత్త కళ్లద్దాల కింద నుంచి నీళ్లు తుడుచుకుంది.

"నాకు ఆస్తి లేదనుకుంటుండ్రా? మన్నెగూడల ఒక బంగళ, మహేశ్వరంల ఒక బంగళ, తుక్కుగూడల ఒక బంగళ. ఒకదానికి గోడలు లేవు. ఒకదానికి కప్పు లేదు. మూడోదానికి జాగనే లేదు. గని కాయితాలు మాత్రం మూడిట్లకు పక్కాగున్నయి."

పెద్దవాళ్లు నవ్వారు. మేనేజరు సగం నవ్వి, ఈ ఊపును వాడుకోవాలనుకున్నాడేమో, "మన వెంచరు గురించి కూడా రెండు ముక్కలు చెప్పండి దొరగారూ," అన్నాడు.

"చెప్పకుంట ఉంటనా. గిసొంటి జాగ దునియల లేదు. ఈడ ఇల్లు గట్టినోడు కూరకు బజారుకు పోవుడు లేదు. మంచం మీదికెల్లి గాలమేస్తె చేప పడుతది. మోటరు లేకుంటనే పొయ్యికాడికి నీళ్లస్తయి. పోరగానికి సైకిల్ గొనియ్యకుండ్రి, తెప్ప గొనియ్యుండ్రి. పొద్దుగాల లేస్తె తలకింది మెత్త కింద బాతు గుడ్లు."

అందరికన్నా ఎక్కువగా ఈ మాటలకే నవ్వారు. మల్లేశ్ ఒక్కడు నవ్వలేదు. చెప్పు కొనతో మట్టిని గీకుతున్నాడు.

హద్దురాయి

కోతలయ్యాక మేనేజరు నేరుగా అత్త దగ్గరికొచ్చాడు. చేతిలో లేఅవుట్ కాగితం. తూర్పు ముఖం, మొదటి వరస, కిటికీ తీస్తే నీళ్లు. ఆ ప్లాటు మీద ఎర్ర సిరాతో గుండ్రం చుట్టి కాగితం అత్త చేతిలో పెట్టాడు. మరి చూపించమంటే, "దారిలో కాస్త తడిగా ఉందండి. వాన నీళ్లు. పండక్కల్లా ఆరిపోతాయి. ఇక్కణ్నుంచే కనబడుతుంది చూడండి," అని వేలు చూపించాడు.

అత్త ఆ వేలు చూపిన వైపు కాదు, నీళ్ల వైపు చూస్తోంది. "పొద్దున్నే నీళ్లు కనబడాలే అమ్మడూ. కొల్లేరు వదిలొచ్చాక నాకు నిద్ర లేవబుద్ధి కావట్లేదు," అంది. చంకలోని డబ్బుల సంచి ముడి విప్పడం మొదలుపెట్టింది.

కొత్తవాళ్ల మధ్య ఏం చేయాలో తోచనప్పుడు నేను చేసే పనే చేశాను. బైనాక్యులర్స్ కళ్లకు పెట్టుకున్నాను. కుంటలో పసుపు రాయి ఒకటి, దాని మీద నల్లటి పిట్ట. రెక్కలు రెండూ చాచి, తడిచీర ఆరేసినట్టు ఆరబెట్టుకుంటోంది. నీటికాకి. దాని వెనక ఇంకో రాయి, ఆ వెనక మరొకటి, తలలు మాత్రం పైకి పెట్టి. నీటికాకి కూర్చున్న రాయి మీది నంబరు చదివాను. పక్కకు తిరిగి అత్త చేతిలోని కాగితం చూశాను. ఎర్ర సిరా గుండ్రం లోపల అదే నంబరు.

నీటికాకి మునిగి చేపను పడుతుంది. మునిగితేనే రెక్కలు తడుస్తాయి. మునగాలంటే లోతు ఉండాలి. వాన నీళ్ల మడుగులో అది మునగదు.

"అత్తా," అన్నాను. మేనేజరు గొంతు కింద నా గొంతు నలిగిపోయింది.

"ఉండవే, ఆయన చెబుతున్నాడుగా," అంది అత్త. ముడి విప్పేసింది.

మాట్లాడొద్దన్న నాన్న మాట గుర్తొచ్చింది. ఉన్నట్టే తెలియదన్న టోపీ పెద్దమనిషి మెప్పూ గుర్తొచ్చింది. అప్పుడే మల్లేశ్ మైకులో, "పిట్టల గురించి ఎవలకన్న డౌట్లుంటె దొరనడగుండ్రి, తర్వాత భోజనాలు," అన్నాడు. నేను బడిలో లాగా చెయ్యెత్తాను. ఎత్తాక దించడం ఎలాగో తెలియలేదు. షామియానా అంతా నా వైపు తిరిగింది.

"దొరగారూ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "అదిగో, ఆ రాయి మీద కూర్చున్న నల్ల పిట్ట పేరేమిటి?"

దొర చెక్క తుపాకిని కళ్లకు అడ్డం పెట్టి చూశాడు. "గదా బిడ్డా? నీటికాకి."

"అది ఏం తింటుంది?"

"చేపలు."

"ఎలా పట్టుకుంటుంది?"

అతను ఒకసారి మేనేజరును చూశాడు. ఒకసారి నన్ను చూశాడు. ఇక్కడ ఎంత పెద్ద కోతైనా కోయొచ్చు, అతని హక్కు. కోయలేదు.

"మునిగి పడుతది బిడ్డా."

"అది కూర్చున్న రాయి మీద నంబరెంత?"

"నాకు సదువు రాదు. నీ చేతుల దుర్బిణి ఉన్నది గద. నువ్వే సదువు. జర గట్టిగ సదువు, ఎనకున్నోళ్లకు ఇనవడాలె."

చదివాను. ఎనకున్నోళ్లకు వినబడేలాగే చదివాను. అత్త చెయ్యి సంచి ముడి మీద ఆగింది. తన కాగితం చూసుకుంది. నా మెడలోంచి బైనాక్యులర్స్ లాక్కుని, నల్ల కళ్లద్దాలు తీసేసి, ఆ కొత్త కళ్లతో కుంట వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"గూడబాతు కోసమొస్తే నీటికాకి దొరికింది," అని, మళ్లీ తనే దిద్దుకుంది. "దొరకడం కాదులే. కనబడింది."

"మేడమ్, అది సీజనల్ వాటరండి, లెవెల్ చేయిస్తామండి," అంటున్నాడు మేనేజరు.

"బాబూ," అంది అత్త సంచి ముడి బిగిస్తూ, "చేపల చెరువు అమ్ముకుని వచ్చినదాన్ని. మళ్లీ చేపల చెరువే కొనమంటావా? అదీ గజాల లెక్కన?"

ఈసారి నవ్వు షామియానా వెనక వరస నుంచి మొదలైంది. బస్సులో మా వెనక కూర్చున్న ఆవిడ లేచి నా దగ్గరికొచ్చింది. "అక్కా, జర మా నంబరు గూడ చూడవా?" ఆమె వెనక ఆమె భర్త, అతని వెనక ఇంకొకరు. దొర తుపాకి అడ్డం పెట్టి, "లైను, లైను. దొబ్బుకోకుండ్రి. దుర్బిణి ఒకటే ఉన్నది," అని అందర్నీ వరసలో నిలబెట్టాడు. ఒక్కొక్కరి కాగితం చూసి, ఒక్కొక్క రాయి వెతికి, ఉంది, లేదు, సగం మునిగింది, గట్టు మీదే ఉంది కంగారు పడకండి, అని చెప్పాను. కొందరివి నిజంగానే గట్టు మీద ఉన్నాయి. అంతమందితో ఒకే రోజు మాట్లాడటం నేను అంతకుముందు ఎరగను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఇన్నాళ్లూ ఆగాను గానీ, నంబరుతో మొదలుపెడితే సులువుగానే ఉంది.

మేనేజరు సెల్‌ఫోను చెవికి పెట్టుకుని బస్సు వెనక్కి వెళ్లాడు. మల్లేశ్ విస్తళ్లు వేయిస్తూ, "అన్నం తినుండ్రి. గిదైతె నిజమే," అన్నాడు. పప్పు, వంకాయ కూర, కోడికూర, బగారన్నం. అందరూ తిన్నారు. అత్త రెండోసారి కూడా పెట్టించుకుంది.

చేతులు కడుక్కునే చోట దొర కనబడ్డాడు. ముఖానికి పూసుకున్న రంగు కడుక్కుంటున్నాడు. నావల్ల అతని డబ్బులు పోతాయేమోనని నాకు బెంగగా ఉంది. అడిగాను.

"ఎందుకు పోతయి బిడ్డా. పిట్టల గురించి చెప్పుమన్నరు. చెప్పిన."

"ఈ సంగతి మీకు ముందే తెలుసా?"

"నేను చెప్పిన గద, తెప్ప గొనుమని," అన్నాడు. "మీరే నవ్విండ్రు."

తిరుగు బస్సు

వెంచరు బస్సు మమ్మల్ని వెనక్కి తీసుకెళ్లడానికి తొందర పడలేదు. రోడ్డు దాకా నడిచి ఆర్టీసీ బస్సెక్కాం. కిటికీ పక్కన అత్త, ఒళ్లో దారిలో కొన్న జామకాయలు. ఒక కాయ తీసి చీర చెంగుతో తుడుస్తూ కూర్చుంది.

"నీళ్లు ఇంటి పక్కన ఉండాలనుకున్నానే," అంది చివరికి. "ఇంట్లో కాదు." మరికొంతసేపయ్యాక, "ఆ వాసనకు బుద్ధి మందగించింది," అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ పనికి మాటలు అక్కర్లేదు.

బొంగులూరు దగ్గర అత్త ఉన్నట్టుండి అద్దం మీద వేలితో కొట్టింది. కరెంటు తీగ మీద పిట్ట. బస్సు చప్పుడుకు లేచి రెక్కలు విప్పింది. నీలం, లోపల ఇంకా నీలం. పాలపిట్ట. నేను చూపించకముందే, బైనాక్యులర్స్ లేకుండా, నా కన్నా ముందు అత్తే చూసింది. మా ముందు సీట్లో ముసలావిడ చేతులు జోడించింది. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి వేళ్లు కళ్లకద్దుకున్నాడు. "మంచి శకునం. ఇయాల మీ పని అయితది," అన్నాడు అత్తతో. "అయిపోయిందయ్యా," అంది అత్త. మా వైపు పిట్టలు ఆడబిడ్డలు, మీ వైపు దేవుళ్లు, అని అతనికి వివరించడం మొదలుపెట్టింది. మన్నెగూడ వచ్చేసరికి ఆ బస్సు సగం గూడబాతుల గురించి మాట్లాడుకుంటోంది. ఎవరూ "ష్" అనలేదు. ఆ పాలపిట్ట కూడా ఏమీ అనుకున్నట్టు లేదు.

పక్షుల కోసం ఏ షికారు మంచిదని ఎవరైనా అడిగితే, నేనిప్పుడు ఆర్టీసీ ఆర్డినరీ బస్సు చెబుతున్నాను. కిటికీ సీటు, పక్కన మాట్లాడే మనిషి.

ఇంటికి చేరేసరికి నాన్న డ్యూటీ నుంచి వచ్చి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ముఖం నిండా ఆశ. "ఏమైందక్కా? అడ్వాన్సు ఇచ్చావా? ప్లాటు ఎలా ఉంది?"

నేను అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేసి, అత్త మొదలుపెట్టడం కోసం ఎదురుచూశాను. అత్త నల్ల కళ్లద్దాలు తీసింది. జామకాయల సంచి నాన్న చేతిలో పెట్టింది. నా భుజం పట్టుకుని ముందుకు నెట్టి, వీధి చివరి కిరాణా కొట్టు దాకా వినబడే గొంతుతో నాతో అంది:

"నా గొంతు పోయిందే అమ్మడూ. నువ్వు చెప్పు."